కిల్ట్‌కు తగిన టోపీని ఎంచుకోవడం ఎలా?

చదువు కోసమో ఉద్యోగం కోసమో స్కాట్లండ్‌కు వెళ్లిన తెలుగువారికి ఏదో ఒక రోజు స్నేహితుడి పెళ్లికో, సహోద్యోగి ఇంటి వేడుకకో కిల్ట్, అంటే అక్కడి మగవారు నడుము నుంచి మోకాళ్ల దాకా కట్టుకునే కుచ్చిళ్ల గళ్ల ఊలువస్త్రం, కట్టుకునే అవకాశం వస్తుంది. అద్దె దుకాణంవారు కిల్ట్, కోటు, నడుముకు ముందువైపు వేలాడే స్పోరన్ అనే తోలు సంచి, మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు, బూట్లు అన్నీ కలిపి ఇస్తారు గానీ, అందులో సాధారణంగా టోపీ ఉండదు. అందువల్ల చాలామంది చివరి నిమిషంలో పర్యాటకుల దుకాణంలో కంటబడినదాన్ని కొని నెత్తిన పెట్టుకుంటారు. స్కాట్లండ్ వేషధారణలో టోపీ అలా యథాలాపంగా తీసుకోదగిన వస్తువు కాదు. దాని ఆకారం, అంచు మీది గళ్లు, ఎడమ పక్కన గుచ్చిన బిళ్ల, ఆ బిళ్ల వెనుక నిలబెట్టిన ఈక, ఇవన్నీ పెట్టుకున్న మనిషి ఎవరో, ఏ వంశానికి లేదా ఏ పటాలానికి చెందినవాడో ఎదుటివారికి చెబుతాయి. కాబట్టి మనకు నప్పేదాన్నే గాక, మనం పెట్టుకోదగినదాన్ని ఎంచుకోవాలి. ఆ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తాను.

మొదటి పని: అసలు టోపీ అవసరమా?

దుకాణానికి వెళ్లే ముందే ఈ ప్రశ్న వేసుకోండి. సాయంత్రపు విందులకు వెండి బొత్తాల పొట్టి నల్ల కోటు, బో టై వేసుకుని కిల్ట్ కట్టుకుంటారు. ఆ కోటును ప్రిన్స్ చార్లీ అంటారు. దానితో టోపీ పెట్టుకోకపోవడమే వాడుక. జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు సందర్భంగా జరిగే విందులో హాగిస్ వంటకాన్ని ఊరేగింపుగా తెచ్చేటప్పుడు బ్యాగ్‌పైపు వాయించే కళాకారుడి తలపై టోపీ కనిపిస్తుంది గానీ, అది అతని వాద్యబృందపు దుస్తుల్లో భాగం. అతన్ని చూసి అతిథులు టోపీ పెట్టుకోనక్కరలేదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకునే విద్యార్థులు కూడా టోపీ గురించి బెంగపడనవసరం లేదు. అక్కడ జెనీవా బానెట్ అనే ఒకే ఒక పాత టోపీని ప్రతి విద్యార్థి తలకూ క్షణకాలం తాకించి పట్టా ఇస్తారు. మీ సొంత టోపీకి అక్కడ పని లేదు.

టోపీకి నిజమైన చోటు పగటివేళ, ఆరుబయట. ఏటా సెప్టెంబరు మొదటి శనివారం బ్రేమార్‌లో జరిగే హైలండ్ క్రీడల వంటి వాటికి, ఊరేగింపులకు, కొండదారుల్లో నడకకు, ట్వీడ్ అనే ముతక ఊలుగుడ్డ కోటుతో వెళ్లే పగటి వేడుకలకు టోపీ అందమూ అవసరమూ కూడా. అక్కడి చలిగాలి, ఎప్పుడు పడుతుందో తెలియని తుంపర ఎలా ఉంటాయో ఒక్క మధ్యాహ్నం గడిపితే చాలు, తెలిసిపోతుంది. పగటి పెళ్లి అయితే చర్చి బయట, ఫోటోల దగ్గర టోపీ బాగుంటుంది, లోపల తీసి చేత పట్టుకోవాలి. ఆ రోజంతా దాన్ని చేతిలో మోయడం కష్టమనిపిస్తే వద్దనుకోండి. కిల్ట్‌కు టోపీ లేకపోవడం ఏ విధంగానూ లోపం కాదు.

రెండో పని: రకాలను గుర్తుపట్టడం

కిల్ట్‌తో పెట్టుకునే సంప్రదాయ టోపీలన్నిటికీ తల్లివంటిది నీలి బానెట్. స్కాట్లండ్ రైతులు, పనివారు కొన్ని వందల ఏళ్లపాటు ధరించిన టోపీ ఇది. దాన్ని తలకన్నా చాలా పెద్దదిగా ఊలుతో అల్లి, నీళ్లలో నలిపి, కుదించి, దట్టంగా ముద్దకట్టేలా చేసేవారు. రంగుకు మొదట వోడ్ అనే మొక్కనూ, తర్వాతి కాలంలో నీలిమందునూ వాడారు. ఎయిర్‌షైర్‌లోని స్టూవార్టన్, కిల్‌మార్నాక్ ఈ టోపీల తయారీకి పేరుపొందిన ఊళ్లు. గూర్ఖా సైనికుల గుండ్రటి నల్ల టోపీని ఇప్పటికీ కిల్‌మార్నాక్ అనే పిలుస్తారంటే, ఆ ఊరి పేరు ఎంత దూరం ప్రయాణించిందో ఊహించవచ్చు. తెలంగాణ గొంగడి తెలిసినవారికి ఈ టోపీ గుణం వెంటనే అర్థమవుతుంది. దట్టమైన ఊలు తుంపరను వెంటనే లోపలికి రానివ్వదు, తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా పోగొట్టుకోదు.

ఆ నీలి బానెట్ నుంచి వచ్చినవాటిలో మీరు ముఖ్యంగా పోల్చి చూడవలసినవి రెండు. మొదటిది బాల్మోరల్. ఇది గుండ్రంగా, పైభాగం పళ్లెంలా చదునుగా ఉండి, తల చుట్టూ గట్టి పట్టీతో, నడినెత్తిన టూరీ అనే చిన్న ఊలు బంతితో ఉంటుంది. ఆ బంతి ఎక్కువగా ఎర్రగా ఉంటుంది. వెనుక రెండు రిబ్బన్లు వేలాడుతుంటాయి, కొందరు వాటిని ముడి వేస్తారు. విక్టోరియా రాణి కోసం ఆల్బర్ట్ యువరాజు 1852లో కొన్న బాల్మోరల్ కోట పేరే దీనికి వచ్చింది. రెండోది గ్లెన్‌గారీ. మన గాంధీ టోపీని దట్టమైన ఊలుతో కుట్టి, పైన టూరీ పెట్టి, వెనుక రెండు రిబ్బన్లు వదిలితే ఎలా ఉంటుందో ఇంచుమించు అలా ఉంటుంది. ముందుకూ వెనక్కూ పొడవుగా, రెండు పక్కలా నొక్కినట్టుగా ఉండి, మడిచి పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చిన కాలంలో గ్లెన్‌గారీ వంశాధిపతి అలస్‌డెయిర్ రానల్డ్‌సన్ మాక్‌డొనెల్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడని ప్రసిద్ధి. తర్వాత సైన్యంలోని స్కాట్లండ్ పటాలాలు, బ్యాగ్‌పైపు బృందాలు దీన్ని తమ టోపీగా చేసుకున్నాయి.

మొదటిసారి కొనేవారికి బాల్మోరల్ మేలని నా అభిప్రాయం. గ్లెన్‌గారీ ఎంత చక్కగా ఉన్నా, దాన్ని చూడగానే అక్కడివారికి సైనికుడో వాద్యకారుడో గుర్తుకు వస్తాడు. పైగా అది ముఖానికి గానీ చెవులకు గానీ ఏ రక్షణా ఇవ్వదు. బాల్మోరల్ సాధారణ పౌరుడి టోపీగా కనిపిస్తుంది, కాస్త కిందికి లాగితే గాలి నుంచి ఒక చెవినైనా కాపాడుతుంది, ముఖం ఎలాంటిదైనా సర్దుకుంటుంది. ముఖం గుండ్రంగా ఉన్నవారికి గ్లెన్‌గారీ కొంత పొడవుదనం ఇస్తుందన్న మాట నిజమే. అందుకే రెండింటినీ అద్దం ముందు పెట్టుకుని చూడకుండా నిర్ణయించవద్దు. చూసేటప్పుడు కిల్ట్‌తో వేసుకోబోయే కోటు కూడా ఒంటిమీద ఉండాలి. చొక్కా మీద బాగున్న టోపీ మందపాటి ట్వీడ్ కోటు మీద చిన్నబోవచ్చు.

మూడో రకం ట్యామ్ ఓ శాంటర్. బర్న్స్ 1790లో రాసిన కథాకావ్యంలోని నాయకుడి పేరు ఇది. ఆ కథలో అతడు గాలివానలో గుర్రం మీద వెళుతూ తన నీలి టోపీ ఎగిరిపోకుండా గట్టిగా పట్టుకుంటాడు. ఈ టోపీ బాల్మోరల్ కన్నా వెడల్పుగా, మెత్తగా, ఒక పక్కకు వాలిపోయేలా ఉంటుంది. కొండల్లో నడకకు, చలికాలపు షికారుకు హాయిగా ఉంటుంది గానీ, పెళ్లికి అంత నిండుదనం ఇవ్వదు. టార్టన్ అనే, కిల్ట్‌కు వాడే గళ్ల గుడ్డతో కుట్టి, కింద ఎర్రటి కృత్రిమ జుట్టు అతికించిన రకం కూడా దుకాణాల్లో దొరుకుతుంది. ఫుట్‌బాల్ మైదానంలో స్కాట్లండ్ జట్టు అభిమానులు సంబరంగా పెట్టుకునేది అది. దాన్ని మైదానానికే వదిలేయండి, ఒకరి ఇంటి శుభకార్యానికి మాత్రం పెట్టుకువెళ్లవద్దు.

సంప్రదాయ బానెట్లు వద్దనుకునేవారికి ట్వీడ్ గుడ్డతో కుట్టిన, ముందు చిన్న అంచు ఉండే చదును టోపీ మంచి ప్రత్యామ్నాయం. ట్వీడ్ కోటు, ముతక మేజోళ్లతో కట్టిన పగటి కిల్ట్‌కు ఇది సహజంగా అమరుతుంది, ఏ వంశంతోనూ పటాలంతోనూ ముడిపడి ఉండదు. హ్యారిస్ ట్వీడ్ కావాలనుకుంటే లోపలి చీటీ మీద శిలువతో కూడిన గోళం ముద్ర ఉందో లేదో చూడండి. స్కాట్లండ్‌కు పశ్చిమాన ఉన్న ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో, నేతగాళ్ల ఇళ్ల వద్ద, చేతితో నేసిన గుడ్డకే ఆ పేరు వాడాలని 1993 నాటి చట్టం చెబుతోంది. ముందూ వెనుకా అంచులుండే డియర్‌స్టాకర్ కూడా వేటకొండల టోపీగా కిల్ట్‌కు పరాయిది కాదు, అయితే పల్లెపట్టులోనే బాగుంటుంది. బేస్‌బాల్ టోపీ టీషర్టుతో కట్టిన కిల్ట్‌కు సరిపోతుందేమో గానీ కోటు వేసుకున్న రోజున వద్దు. పొడుగాటి సిల్కు టోపీ, బౌలర్ అనే గుండ్రటి గట్టి టోపీ ప్యాంటు కోటుకు పుట్టినవి, కిల్ట్ మీద అతుకు వేసినట్టు కనిపిస్తాయి.

మూడో పని: అంచు మీది గళ్లను చూడటం

బాల్మోరల్, గ్లెన్‌గారీ రెండూ సాదా అంచుతోనూ, చదరంగపు గళ్ల అంచుతోనూ దొరుకుతాయి. ఎరుపు తెలుపు గళ్లు కంటికి ఇంపుగా ఉంటాయి కాబట్టి కొత్తవారి చేయి వాటి మీదికే పోతుంది. ఈ గళ్లు స్కాట్లండ్ పటాలాల టోపీల మీద పేరుపొందినవి, అర్గైల్ అండ్ సదర్లండ్ హైలండర్స్ పటాలం టోపీ మీది ఎరుపు తెలుపు గళ్లు అందులో ఒకటి. 1932లో గ్లాస్గో పోలీసు అధిపతి పెర్సీ సిల్లిటో ఆ గ్లెన్‌గారీ గళ్లను చూసే తన సిబ్బంది టోపీలకు నలుపు తెలుపు గళ్ల పట్టీ పెట్టించాడు. ఇప్పుడు బ్రిటన్ అంతటా పోలీసు టోపీల మీద మనం చూసేది అదే. పౌరులు గళ్ల టోపీ పెట్టుకోకూడదన్న చట్టమేమీ లేదు, పెట్టుకునేవారూ ఉన్నారు. అయినా ఆ పటాలాలతో, ఆ వాద్యబృందాలతో సంబంధం లేని మనకు సాదా అంచే మర్యాద. ఎలుగుబంటి జుట్టులా కనిపించే, ఉష్ట్రపక్షి ఈకలతో చేసిన ఎత్తైన టోపీ సంగతి చెప్పనే అక్కరలేదు, అది సైనిక, బ్యాగ్‌పైపు వాద్యబృందాలది.

నాలుగో పని: బిళ్ల, ఈక, రిబ్బను పువ్వు

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే, అందుకే కొంచెం నెమ్మదిగా చెబుతాను. టోపీకి ఎడమ పక్కన రిబ్బనుతో చేసిన పువ్వు వంటి ముడి ఉంటుంది, దాన్ని కాకేడ్ అంటారు. బిళ్లను దాని మీదే గుచ్చుతారు. కాకేడ్ మామూలుగా నల్లగా ఉంటుంది, అదే తీసుకోండి. తెల్ల కాకేడ్ 1745లో స్టూవర్ట్ రాజవంశం తరఫున తిరుగుబాటు చేసినవారి గుర్తు. అందంగా ఉందని తెల్లదాన్ని పెట్టుకుంటే, రెండున్నర శతాబ్దాలకు పైబడిన ఒక రాజకీయ పక్షాన్ని నెత్తిన పెట్టుకున్నట్టవుతుంది.

ఇక బిళ్ల. దుకాణాల్లో అమ్మే వంశపు బిళ్లల్లో ఎక్కువ భాగం ఒక బొమ్మ, దాని చుట్టూ బకిల్ ఉన్న నడికట్టు, ఆ నడికట్టు మీద ఆ వంశపు నినాదంతో ఉంటాయి. ఆ బొమ్మ ఆ వంశాధిపతి సొంత చిహ్నం. దాని చుట్టూ నడికట్టు ఉంటే, పెట్టుకున్నవాడు ఆ అధిపతి అనుచరుడని అర్థం. పాతకాలంలో మన కచేరీల్లో బిళ్ల బంట్రోతు రొమ్మున వేసుకున్న బిళ్ల అతను ఎవరి కొలువులో ఉన్నాడో చెప్పేది కదా, ఇదీ ఆ రకమైన గుర్తే. స్కాట్లండ్‌లో ఇలాంటి చిహ్నాల వ్యవహారాలను లార్డ్ లయన్ న్యాయస్థానం చూస్తుంది. మీరు పెళ్లి చేసుకున్న కుటుంబం గానీ, మిమ్మల్ని ఆహ్వానించిన కుటుంబం గానీ తమ వంశపు బిళ్ల పెట్టుకోమని ఇస్తే ఆనందంగా పెట్టుకోండి, అది మిమ్మల్ని తమవారిగా చేసుకోవడమే. ఎవరూ ఇవ్వకుండా, బొమ్మ బాగుందని మీరే ఒక వంశాన్ని ఎంచుకోవద్దు. ముళ్లపువ్వు స్కాట్లండ్ జాతీయ చిహ్నం, ఎవరి సొత్తూ కాదు. ఆ పువ్వు ఉన్న సాదా వెండి రంగు బిళ్ల ఎవరైనా పెట్టుకోవచ్చు, ఏ బిళ్లా లేకపోయినా ఏమీ కొరత ఉండదు. పటాలపు బిళ్ల మాత్రం ఆ పటాలంలో పని చేయనివారు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టుకోకూడదు. పాత సామాను అంగళ్లలో అవి చవకగా దొరుకుతాయి గానీ, ఆ బిళ్లతో యుద్ధాలకు వెళ్లి తిరిగి రానివారి బంధువులు ఆ వేడుకలోనే ఉండవచ్చు.

ఈక విషయంలో నియమం ఇంకా స్పష్టంగా ఉంది. బిళ్ల వెనుక మూడు గద్ద ఈకలు వంశాధిపతివి, రెండు ఈకలు ఆ వంశంలోని శాఖాధిపతివి, ఒక్క ఈక తన పేరిట చిహ్నం పొందిన వ్యక్తిది. తక్కినవారు గద్ద ఈక పెట్టుకోరు. వెంట్రుకల కుచ్చులా నిలబడే రంగుల హ్యాకిల్ సైన్యానిది, 2006లో ఏర్పడిన రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్‌లో ఏ దళం ఏదో ఆ కుచ్చు రంగును బట్టే తెలుస్తుంది. కాబట్టి మీ టోపీకి ఈక వద్దు, కుచ్చు వద్దు.

ఐదో పని: రంగు

రంగు గురించి చెప్పవలసింది తక్కువే. టోపీ రంగు కోటుతో గానీ మేజోళ్లతో గానీ పొసగాలి, కిల్ట్ టార్టన్‌తో పోటీ పడకూడదు. ముదురు నీలం దాదాపు అన్నిటికీ సరిపోతుంది, పాత బానెట్ రంగు కూడా అదే. నల్ల కోటుకు నలుపు, ఆకుపచ్చ లేదా గోధుమ రంగు ట్వీడ్ కోటుకు అదే ఛాయలోని టోపీ బాగుంటాయి. కిల్ట్ టార్టన్ గుడ్డతోనే టోపీ కూడా కుట్టించడం మాత్రం నాకు నచ్చదు, నడుము దగ్గర నిండుగా కనిపించే గళ్లు నెత్తిన మళ్లీ కనిపిస్తే కంటికి భారమవుతాయి.

ఆరో పని: కొలత

దర్జీ టేపును కనుబొమలకు ఒక వేలు పైన, చెవులకు కాస్త పైన, తల వెనుక ఎక్కువగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టి కొలవండి. బిగించవద్దు. 58 సెంటీమీటర్లు వస్తే బ్రిటిష్ లెక్కలో 7⅛ అవుతుంది, అమెరికా లెక్కలో అదే 7¼. అందుకే ఇంటర్నెట్‌లో తెప్పించుకునేటప్పుడు ఏ దేశపు లెక్కో చూడండి, వీలైతే సెంటీమీటర్లలోనే చెప్పండి. రెండు కొలతల మధ్య పడితే పెద్దదాన్ని తీసుకోండి. వదులైన టోపీకి లోపలి పట్టీ వెనుక సన్నని గుడ్డ ముక్క పెట్టుకోవచ్చు గానీ, బిగుతైన దాన్ని సాగదీస్తే దట్టమైన ఊలు ఆకారం చెడిపోతుంది. జుట్టు ఒత్తుగా ఉన్నవారు వేడుక రోజున ఎలా దువ్వుకుంటారో అలా దువ్వుకుని కొలుచుకోవాలి.

ఏడో పని: పెట్టుకునే తీరు

బాల్మోరల్‌ను రెండు చేతులతో పట్టుకుని, పట్టీ నుదుటి మీద సమంగా ఆనేలా పెట్టి, పైభాగాన్ని కుడి చెవి వైపుకు లాగండి. అప్పుడు ఎడమ పక్క నిటారుగా నిలిచి బిళ్ల ఎదుటివారికి కనిపిస్తుంది. గ్లెన్‌గారీని కూడా కొద్దిగా కుడికి వంచి, ముందు కొస నుదుటి మీదికి వచ్చేలా పెట్టుకోవాలి. కొత్తవారు దాన్ని వెనక్కి నెట్టి నడినెత్తిన నిలబెడతారు, అలా పెడితే మొదటి గాలికే అది ఎగిరిపోతుంది. రిబ్బన్లు రెండూ మెడ వెనుక మధ్యగా పడుతున్నాయో లేదో ఇంకొకరిని చూడమనండి. మొదట్లో అద్దంలో మన ముఖం మనకే వింతగా ఉంటుంది. వేడుకకు రెండు మూడు రోజుల ముందు నుంచి ఇంట్లో కాసేపు పెట్టుకుని తిరిగితే తలకు అలవాటవుతుంది, మాటిమాటికీ చేత్తో సర్దుకునే అవసరం తప్పుతుంది.

చర్చిలోకి అడుగు పెట్టేముందు, భోజనం బల్ల దగ్గర, మౌనం పాటించే వేళ, ఖననం జరిగేటప్పుడు పురుషులు టోపీ తీయాలి. యూనిఫారంలో ఉన్న సైనికులు, వాద్యకారులు తీయకపోవచ్చు, వారి నియమాలు వేరు. తీసిన టోపీని ఎవరి కుర్చీ మీదా పెట్టకుండా ఎడమ చేతిలో గానీ ఒళ్లో గానీ ఉంచుకోండి.

టార్టన్ లంగాతో వచ్చే ఆడవారికి ఈ నియమాలు ఇంత బిగువుగా వర్తించవు. పగటి పెళ్లికి అక్కడి స్త్రీలు పెట్టుకునే మామూలు టోపీ గానీ, చలికి మెత్తని ట్యామ్ ఓ శాంటర్ గానీ సరిపోతుంది. పెళ్లికొడుకే తెలుగువాడై కిల్ట్ కట్టుకుంటే తలపాగా చుట్టుకోవచ్చా అన్న ప్రశ్న కూడా వస్తుంటుంది. స్కాట్లండ్‌లోని సిక్కులు కిల్ట్ మీద తమ తలపాగానే ధరిస్తారు. అది వారి సొంతది, అందుకే నిండుగా ఉంటుంది. ఒకే రంగు పట్టుతో చుట్టిన మన పెళ్లి తలపాగా కూడా అలాగే అమరుతుందని నా నమ్మకం, జరీ మెరుపు మాత్రం తక్కువగా ఉండేలా చూసుకోండి.

టోపీ తడిస్తే హీటర్ మీద పెట్టవద్దు, ఊలు కుదించుకుపోతుంది. నీళ్లు దులిపి, లోపల ఒక తువ్వాలును గుండ్రంగా చుట్టి పెట్టి, గది గాలికే ఆరనివ్వండి. ఆరిన తర్వాత మెత్తటి కుంచెతో ఒకే దిశలో దులపండి. హైదరాబాదుకో విజయవాడకో వెంట తెచ్చుకుంటే వానాకాలపు తేమ, ఊలు పురుగు రెండూ దానికి శత్రువులు. బిళ్లను ఊడదీసి విడిగా గుడ్డలో చుట్టి, టోపీని బాగా ఎండిన వేపాకులతో కలిపి అట్టపెట్టెలో దాచి, ఎండ కాసిన రోజున నెలకోసారి తీసి నీడపట్టున గాలికి ఉంచండి.